కింద ఉన్నవాడు ఆగమంటే

మార్చి 3, మంగళవారం

పని పుస్తకంలో రాయాల్సింది రాసేశాను. ఇది ఆ పుస్తకం కాదు. దాన్ని చెట్ల ఆఫీసువాళ్లు చూస్తారు, బీమావాళ్లు చూస్తారు, ఖర్మ కాలితే జడ్జీగారు కూడా చూస్తారు. దీన్ని ఎవరూ చూడరు. మా ఆవిడ చూస్తుందేమోనని ఒక అనుమానం ఉంది గాని, నా చేతిరాత చదివే ఓపిక ఆవిడకి లేదు. అందుకని ఇక్కడ నన్ను నేను ధైర్యంగా పొగుడుకోవచ్చు.

ఇవాళ్టి పని పొగుడుకోదగ్గదే. కారు షెడ్డు కట్టుకుంటానన్న ఒకాయన ఇంట్లో, ప్రహరీ గోడని ఆనుకుని ఉన్న నిద్రగన్నేరు చెట్టు. ఒక పక్క గోడ, ఒక పక్క కిటికీ అద్దాలు, పైన కరెంటు తీగ. కరెంటు ఆపించడానికి వారం ముందే ఉత్తరం పెట్టాను. పక్కింటి తలుపు సందులో నోటీసు వేశాను. గూళ్లున్నాయేమోనని కొమ్మ కొమ్మా చూశాను. తొమ్మిదికి ఎక్కితే పన్నెండుకల్లా చెట్టు ముక్కలై లారీలో ఉంది. గోడ మీద సున్నం కూడా రాలలేదు. ఏ కొమ్మ ఎక్కడ దిగాలనుకున్నానో అక్కడే దిగింది. ముప్ఫై ఏళ్ల పని, నాకు కొట్టిన పిండి.

చుట్టుకొలత మూడడుగుల పదకొండంగుళాలు. ఛాతీ ఎత్తులో, అంటే నేల నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర, చుట్టుకొలత నాలుగడుగులు ఉందంటే ఆఫీసు అనుమతి కావాలి. దానికి నలభై రోజులు. ఇక్కడ ఒక్క అంగుళం తక్కువ కాబట్టి అక్కర్లేదు. "రూలు చదువుకుని పెరిగిందిరా ఈ చెట్టు" అన్నాను బావమరిదితో. పద్దెనిమిదేళ్లుగా కింద నిలబడి నా తాళ్లు పట్టేది వాడే. టేపు పట్టిందీ, కొలత కాగితం మీద సంతకం పెట్టిందీ వాడే. జోకుకి నవ్వలేదు. సొంతంగా లైసెన్సు తెచ్చుకోవాలని పరీక్షకి అప్లికేషన్ పెట్టాడు, అప్పట్నుంచి మొహం గంటు పెట్టుకుని తిరుగుతున్నాడు.

మొదలు చుట్టూ ఇటుకలతో మడి కట్టి పూలమొక్కలు వేశారు. ఆ మడిలోంచి మాను కరెంటు స్తంభంలా నున్నగా, నిటారుగా లేచింది. చూడముచ్చటగా ఉంది. కొలిచేటప్పుడు బావమరిది ఏదో అన్నాడు. వాడు ఏదో ఒకటి అంటూనే ఉంటాడు. క్రేను పన్నెండింటికి ఇంకో పనికి వెళ్లిపోవాలి.

మార్చి 4, బుధవారం

రంపం గొలుసు పళ్లు పోయాయి. కిందికంటా కోసేటప్పుడు మట్టి తగిలింది. ఆకురాయితో రెండు గంటలు.

మార్చి 6, శుక్రవారం

మంగళవారం చెట్టు కొట్టిన ఇంటి పక్కింటావిడ వచ్చింది. దర్జీ పని చేస్తుంది. అరవై దాటి ఉంటాయి. మెడలో టేపు వేలాడుతూనే ఉంది, తియ్యడం మర్చిపోయినట్టుంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"చెట్టు చుట్టుకొలత ఎంత రాశావు నాయనా?" అంది.

"మూడడుగుల పదకొండంగుళాలమ్మా."

"రెండేళ్ల కిందట నేను కొలిస్తే నాలుగడుగుల మూడంగుళాలుంది. ఈ రెండేళ్లలో సన్నబడిందా?"

"చెట్లు బట్టల టేపుతో కొలవరమ్మా" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. పాత ఇంటాయన ఉన్నప్పుడు ఆ చెట్టుకి తాడు కట్టి తడి గుడ్డలు ఆరేసుకునేదట. తాడు బెరడులోకి దిగకుండా గుడ్డ పట్టీ కుట్టడానికి కొలిచిందట. కిటికీ పక్కన మిషను పెట్టుకుని ఆ నీడలోనే కుట్టుకునేదాన్ని, ఇప్పుడు మధ్యాహ్నానికి సూది కూడా కాలుతోంది అంది. నేను సానుభూతి చూపించాను. నీడ పోయినందుకు ఎవరికైనా బాధే. కానీ రూలు రూలే.

వెళ్తూ వెళ్తూ, "ఆఫీసుకి రాస్తాను నాయనా, ఏమీ అనుకోకు" అంది. రాసుకోమన్నాను. మా కొలత కాగితం ముందు గుడ్డ టేపు ఏం నిలబడుతుంది?

మార్చి 11, బుధవారం

నోటీసు వచ్చింది. ఆఫీసువాళ్లు వెళ్లి మొద్దు చుట్టూ తవ్వి చూశారట. మొద్దు అసలు మొదలు రెండడుగుల కింద ఉందట. పైన ఉన్నదంతా తరవాత పోసిన మట్టట. అసలు నేల నుంచి కొలిస్తే చెట్టు నాలుగడుగులు దాటేది, అనుమతి లేకుండా కొట్టారు, ఏప్రిల్ 2న విచారణకి రండి అని. తప్పు రుజువైతే బాధ్యుడికి లైసెన్సు రద్దు. లైసెన్సు లేనివాడైతే ఐదేళ్లు పరీక్షకి కూర్చోకూడదు.

నేను కంగారు పడలేదు. టేపు అబద్ధం చెప్పదు. మడి మీద నిలబడి కొలిస్తే మూడడుగుల పదకొండే వస్తుంది. మట్టి కింద ఏముందో చెట్టు ఎక్కేవాడికెలా తెలుస్తుంది?

మార్చి 12, గురువారం

ప్లీడరు దగ్గరికి వెళ్లాను. కాగితాలన్నీ తిరగేసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "కొలత కాగితం మీద సంతకం ఎవరిది?" అన్నాడు.

"మా బావమరిదిదండి."

"కొలుస్తున్నప్పుడు మీరెక్కడున్నారు?"

"చెట్టు మీద. తాళ్లు వేసుకుంటున్నాను."

"ఇంకేం మరి! కొలిచి సంతకం పెట్టినవాడిదే బాధ్యత అని రూలు గుండ్రాయిలా ఉంది. పైన ఉన్న మీకేం తెలుసు? విచారణ రోజు మీరు నోరు విప్పకండి, నేను చూసుకుంటాను."

ప్రాణం లేచొచ్చింది. రూలు అలా ఉంటే నేనేం చేస్తాను? నేను రాసిన రూలు కాదు. బావమరిదికి నలభై రెండేళ్లే. ఐదేళ్లు ఎంతలో తిరుగుతాయి? పద్దెనిమిదేళ్లు కింద నిలబడ్డవాడు ఇంకో ఐదేళ్లు నిలబడలేడా? నా లైసెన్సు పోతే రెండిళ్లూ ఆగిపోతాయి. వాడి పరీక్ష వాయిదా పడితే ఏ ఇల్లూ ఆగదు. ఎటునుంచి చూసినా ఇదే సబబు.

మార్చి 13, శుక్రవారం

తాళ్ల గదిలో బావమరిదికి చెప్పాను. ప్లీడరు మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. వాడు తాడు చుట్టడం ఆపలేదు.

"సంతకం నాదే కదా బావా" అన్నాడు.

టీ తాగాడు. గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు.

ఎంత సులభంగా తేలిపోయింది.

మార్చి 15, ఆదివారం

మా ఆవిడ పొద్దున్నే మొదలుపెట్టింది. "ఆ రోజు మావాడు మీతో ఏమీ అనలేదా?"

"ఏమంటాడు?"

"మా నాన్న పెంపకం వాడిది. మొదలు చూడకుండా టేపు పట్టడు."

"నీళ్ల మోటారు ఆపు, ట్యాంకు పొర్లుతోంది" అన్నాను. ట్యాంకు పొర్లడం లేదు. ఆవిడ వెళ్లి చూసొచ్చింది కూడా.

మా మామగారు పోయి ఆరేళ్లయింది. ఆయనే నాకు పని నేర్పింది, ఆయనే పిల్లనిచ్చింది. మొదటి రోజు తాడు ముట్టుకోనివ్వలేదు. కింద నిలబెట్టి ఒక్క మాట చెప్పారు. "కింద ఉన్నవాడు ఆగమంటే పైనున్నవాడు ఆగాలి. ఎందుకని అడగాలనుంటే దిగొచ్చి అడుగు." ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు, ఆయన ఇంటి రూలు. పైనున్నవాడికి చేతిలో కొమ్మ తప్ప ఇంకేమీ కనబడదు, చెట్టంతా కనబడేది కిందివాడికే అనేవారు. ఇవాళ ఆయనెందుకు గుర్తొచ్చారో తెలియదు.

మార్చి 18, బుధవారం

గొలుసు మళ్లీ పదును పెట్టాను. మొద్దుబారలేదు. ఊరికే.

మార్చి 21, శనివారం

ఇవాళ జరిగింది వరసగా రాయాలి.

బడి పని. తరగతి గదుల రేకుల మీదికి ఒక పెద్ద కొమ్మ నిలువునా చీలి వేలాడుతోంది. పిల్లలుండరని శనివారం పెట్టుకున్నాం. చీలిన కొమ్మ మహా మొండిది. ఎక్కడ బరువు ఆపుకుని ఉందో కంటికి తెలియదు, తప్పు చోట కోస్తే మొహం మీదికే లేస్తుంది. దాన్ని నేను తొమ్మిది ముక్కలు చేశాను. రేకు మీద ఒక్క ఆకు పడ్డ శబ్దం కూడా కాలేదు. కాపలాదారు కింద నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇది గొప్పకి రాయడం లేదు, కొట్టాడు.

రెండో ముక్క తరవాత అవతలి కొమ్మకి మారాను. పాత కోత ఒకటి పెచ్చులు పెచ్చులుగా, అంచు కత్తిలా ఉంది. నా ప్రాణం మోసే తాడు దాని మీదుగా పోయింది. నాకు కనబడలేదు. నేను అటూ ఇటూ ఊగిన ప్రతిసారీ తాడు దాని మీద రాసుకుంది. అరగంట.

దిగాక తాడు చుడుతుంటే చేతికి మెత్తగా తగిలింది. పై తొడుగు రెండు వేళ్ల పొడుగున చీరుకుపోయి, లోపలి తెల్ల పోగులు బయటికొచ్చి ఉన్నాయి. సగం పోగులు తెగి ఉన్నాయి. అక్కడే మెట్ల మీద కూర్చున్నాను.

"నువ్వు చూశావా?" అన్నాను.

బావమరిది తాడు వంక చూస్తున్నాడు. "చూశాను."

"ఎప్పుడు?"

"నువ్వు అటు మారినప్పుడు. మోడు మీదుగా పోతోందని అప్పుడే చూశాను."

"మరి ఆగమనలేదేంట్రా?"

వాడు తాడు తెగిన చోటు వేలితో తడిమాడు. తరవాత మెల్లగా అన్నాడు. "నోటిదాకా వచ్చింది బావా. అన్నా ఆగుతావో ఆగవో అని ఒక్క క్షణం ఆలోచించాను. నువ్వు దాటేశావు. తరవాత కొమ్మ సగం కోత మీద ఉంది, అప్పుడు అరిస్తే ఉలిక్కిపడతావేమోనని భయమేసింది. ఆ తరవాత ఇంకా భయమేసింది."

ఇంతెత్తున లేచాను. "ఆలోచించడమేంట్రా? చచ్చేవాణ్ని తెలుసా? కిందివాడు ఆలోచిస్తే పైవాడు బతుకుతాడా? మీ నాన్న నీకు నేర్పింది ఇదేనా?"

"ఆ రోజు అన్నాను కదా" అన్నాడు. "నిద్రగన్నేరు దగ్గర. మూడుసార్లు అన్నాను."

కాపలాదారు మా ఇద్దరి మొహాలూ చూసి గేటు దగ్గరికి వెళ్లిపోయాడు. బావమరిది సామానంతా సర్దాడు. తాడుని ముక్కలు కోసి పారేశాను. ఎవరూ తెలియక మళ్లీ వాడకుండా అలా కోసెయ్యడం మా పద్ధతి.

మార్చి 22, ఆదివారం

ఎవరూ చూడని పుస్తకం అని మొదటి పేజీలో రాశాను. అలాంటి పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. నాకంటే ఘనుడు ఉంటాడా?

మార్చి 3 మళ్లీ రాస్తున్నాను.

ఏ చెట్టయినా నేలలోకి దిగే చోట ఏనుగు పాదంలా వెడల్పవుతుంది. వేళ్లు అక్కడ విచ్చుకుంటాయి. అలా విచ్చుకోకుండా స్తంభంలా నేరుగా దిగిందంటే పాదం మట్టి కింద ఉందన్నమాట. ఇది నాకు ముప్ఫై ఏళ్లుగా తెలుసు. రోడ్డు మీంచి చూసి చెప్పగలను. ఆ రోజూ గేటు దగ్గరే తెలిసింది. చూడముచ్చటగా ఉందని రాశాను. ముచ్చట కాదు, పాదం లేదు.

బావమరిది టేపు పెట్టి కొలిచాడు. తరవాత మడిలోకి గడ్డపార దించాడు. వెన్నలోకి దిగినట్టు రెండడుగులు దిగింది. నేను అప్పటికే మొదటి పంగ దగ్గర ఉన్నాను. "బావా, ఆగు. ఇది పోసిన మట్టి. తవ్వి కొలుద్దాం" అన్నాడు. వినబడలేదన్నట్టు పైకెక్కాను. మళ్లీ ఆగమన్నాడు. "క్రేను వెళ్లిపోతుంది, సంతకం పెట్టరా" అన్నాను. మూడోసారి ఆగు అని మాత్రమే అన్నాడు, వాళ్ల నాన్న అనే గొంతుతో. నేను రంపం స్టార్ట్ చేశాను. ఆ చప్పుడులో ఇక ఏమీ వినబడదు కదా.

క్రేను ఒక సాకు. ఇంకో క్రేను దొరికేది. వాడు లైసెన్సుకి అప్లికేషన్ పెట్టినప్పటి నుంచి, వాడేమన్నా నాకు పాఠం చెబుతున్నట్టు వినిపిస్తోంది. వాడికి లైసెన్సు వస్తే నా తాడు ఎవరు పడతారన్న భయం కూడా ఉంది. ఇదీ రాశాను. అయిపోయింది.

ఆ రోజు తెగింది చెట్టొక్కటే అనుకున్నాను. నిన్న అరగంట సేపు నేను సగం తాడు మీద వేలాడాను. ఆ తాడుకి పట్టిన గతికి మోడుని అని లాభం లేదు. దాన్ని కోసింది నేనే.

మార్చి 24, మంగళవారం

ప్లీడరుకి చెప్పాను. నేనే నోరు విప్పుతానని. "మీరు నోరు విప్పితే నేను రాను" అన్నాడు.

రావద్దన్నాను. తిండి సయించింది, నిద్రపట్టింది.

బావమరిదికి ఇంకా చెప్పలేదు. చెబితే వద్దంటాడు.

ఏప్రిల్ 2, గురువారం

విచారణ గది మా తాళ్ల గది అంత ఉంది. ఒక బల్ల, ఆరు కుర్చీలు, గోడకి ఒక పాత మ్యాపు. ఆఫీసరు ఆడమనిషి, నా వయసే ఉంటుంది. పక్కన పూలకుండీ ఉంది. అందులో మొక్కకి మొదలు పైకి కనిపించేలా మట్టి తీసి ఉంది. అది చూడగానే ఈవిడ దగ్గర నాటకాలు పనికిరావని తెలిసిపోయింది.

ముందు షెడ్డాయన. పూల కోసమే మట్టి పోయించానన్నాడు. షెడ్డు కట్టాలనుకున్న చోట పూలెందుకు వేశారని ఆవిడ అడిగితే రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆయన సంగతి వేరే కేసుగా చూస్తామంది.

తరవాత టైలరమ్మ. కొలతల పుస్తకం తెచ్చింది. ఒక పేజీలో ఎవరివో రెండు జాకెట్ల కొలతలు, వాటి మధ్య తారీఖుతో సహా ‘చెట్టు, 51 అంగుళాలు’ అని ఉంది. "నలభై ఏళ్లుగా నడుములు కొలుస్తున్నానమ్మా. మనిషిని మోకాళ్ల దాకా మట్టిలో పాతేసి, నేల నుంచి ఇంత ఎత్తులో నడుముంటుందని టేపు పెడితే ఛాతీ కొలత వస్తుంది. అది నడుమని రాసుకుంటే రవిక కుదురుతుందా?" అంది. ఆఫీసరు నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ ఆపుకోలేకపోయాను, నా మీదే అయినా.

"ఈ సంతకం మీదేనా?" అంది ఆఫీసరు బావమరిదితో.

"నాదేనండి" అని లేచాడు. "కొలిచిందీ నేనే. తప్పు..."

"ఆగరా" అన్నాను.

ఆగాడు. అలవాటు.

లేచి నిలబడి చెప్పాను. పాదం లేదని గేటు దగ్గరే చూశాననీ, వీడు గడ్డపార దించి మూడుసార్లు ఆగమన్నాడనీ, నేనే ఆగకుండా సంతకం పెట్టించాననీ. బావమరిది నా చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. విదిలించుకున్నాను.

ఆఫీసరు పెన్ను పక్కన పెట్టింది. "బంధువుని కాపాడటానికి ఇవాళ ఇలా చెబుతున్నారని ఎవరైనా అంటారు. ఆ రోజు ఇతను ఆగమన్నట్టు ఎక్కడైనా రాసుందా?"

పని పుస్తకంలో లేదు. అందులో దానికి గడి లేదు. సంచిలోంచి ఈ పుస్తకం తీసి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు చెయ్యి కాస్త వెనక్కి లాగింది, నిజం.

ఆవిడ మొదటి పేజీ నుంచీ చదివింది. కొన్నిచోట్ల నా రాత అర్థంకాక పైకే చదివింది. "‘మా ఆవిడ చూస్తుందేమోనని ఒక అనుమానం ఉంది గాని, నా చేతిరాత చదివే ఓపిక’... ఓపికేనా ఇది?"

"ఓపికేనండి" అంది వెనక కుర్చీలోంచి మా ఆవిడ. "నాకు ఓపిక ఉందండి. మొదటి నుంచీ చదువుతూనే ఉన్నాను."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మార్చి 12న రాసింది చదివింది. తన తమ్ముడి ఐదేళ్ల గురించి నేను వేసిన లెక్కంతా చదివింది. చదివి, నాకు రోజూ అన్నం పెట్టింది.

ఆఫీసరు మార్చి 3 పేజీ మీద వేలు పెట్టింది. "‘ఏదో అన్నాడు’ అని రాశారు. ఏమన్నాడో రాయలేదు."

"రాయలేదండి. గుర్తులేక కాదు."

మార్చి 4 చూసింది. గొలుసుకి మట్టి తగలడం. 21 చూసింది, 22 రెండుసార్లు చదివింది. పుస్తకం మూసి రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చింది.

బావమరిది మీద ఏమీ లేదు, పరీక్ష రాసుకోవచ్చు. నా లైసెన్సు ఏడాది రద్దు. ఏడాది పాటు చెట్టెక్కకూడదు, రంపం పట్టకూడదు. లైసెన్సున్న ఇంకొకరి కింద నేల పని మాత్రం చేసుకోవచ్చు. పది మొక్కలు నాటి ఏడాది బతికించి చూపించాలి. మొదటిది టైలరమ్మ కిటికీ పక్కన.

బయటికొచ్చాక మా ఆవిడని అడిగాను. "అంతా తెలిసీ నాతో ఒక్క మాట అనలేదేం?"

"అంటే మీరు మోటారు ఆపమంటారు" అంది. తరవాత కళ్లు తుడుచుకుంది. "నేను అడిగితే చెప్పడం వేరు కదండీ. మీరే రాస్తారేమోనని రోజూ తీసి చూశాను. ఇరవై రెండో తారీఖుది చదివాక ఆ పూట సుఖంగా నిద్రపోయాను."

ముప్ఫై ఏళ్లలో నాకు ఇంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. ఇంత తేలిగ్గానూ ఎప్పుడూ లేదు.

ఏప్రిల్ 5, ఆదివారం

టైలరమ్మ ఇంటి దగ్గర మొక్క నాటాను. పాదం పైకి కనబడేలా నాటావా అని నాకే పరీక్ష పెట్టింది. టేపు తెచ్చి కొలిచింది. రెండంగుళాలు.

ఏప్రిల్ 20, సోమవారం

బావమరిది పరీక్ష. రాత పరీక్ష బాగా రాశాడట. చెట్టెక్కే పరీక్షలో ముడి ఒకటి రెండోసారి వేశాడట. మొదటిది నచ్చలేదట. మంచిదే.

ఏప్రిల్ 29, బుధవారం

ప్యాసయ్యాడు! నేను ముందే చెప్పాను, పద్దెనిమిదేళ్లు నన్ను చూసినవాడు ప్యాసు కాకుండా ఎలా ఉంటాడు? మా ఆవిడ ఇది చదివి పక్కన పెన్సిలుతో ‘ఆహా’ అని రాసింది.

జూన్ 9, మంగళవారం

బావమరిది లైసెన్సు మీద మొదటి పెద్ద పని. వాడు పైన, నేను కింద.

నన్ను పనిలోకి రమ్మనడానికి వారం రోజులు నసిగాడు. "బావా, నువ్వు కిందనా... నాకు ఎలాగో ఉంది" అన్నాడు. "పద్దెనిమిదేళ్లు నాకు ఎలాగో లేదు కదా, అలవాటు చేసుకో" అన్నాను.

పాత ఆసుపత్రి ఆవరణలో ఎండిన చెట్టు. ముందు నేను మొదలు చుట్టూ మట్టి తవ్వాను. ఎవరూ అడగలేదు, ఇక్కడ పోసిన మట్టీ లేదు. అయినా వేళ్లు విచ్చుకున్న చోటు చేతికి తగిలేదాకా తవ్వి, అక్కణ్నుంచి టేపు పెట్టాను. అనుమతి కాగితంలో ఉన్న కొలతతో సరిపోయింది. వాడు పైకెక్కాడు. నాకంటే నెమ్మది. ప్రతి పంగ దగ్గరా తాడు ఎటు పోతోందో వంగి చూసుకుంటున్నాడు. కింద నిలబడితే చెట్టు ఎంత పెద్దగా కనబడుతుందో నేను మర్చిపోయాను. పైన ఉన్నన్నాళ్లూ కొమ్మే చూశాను.

నలభై అడుగుల దగ్గర మూడో కొమ్మ మీద రంపం పెట్టబోతున్నాడు. దాని కిందుగా మానులో ఒక తొర్ర. నోట పురుగు పట్టుకుని ఒక పిట్ట సర్రున వచ్చి, వాణ్ని చూసి పక్క కొమ్మ మీద వాలి, తోక ఆడిస్తోంది. ఎండిన చెట్టని పొద్దున ఇద్దరం గూడు కోసం పైపైనే చూశాం. తొర్ర వాడికి కనబడదు, కొమ్మ అడ్డం.

"ఆగు!" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆగుతాడా? నేనేమైనా ఆగానా? అరనిమిషం కూడా కాదు గాని, ఆ కాస్తలో వాడు పద్దెనిమిదేళ్లు కింద నిలబడి ఏం మోశాడో నాకు అర్థమైంది.

రంపం ఆగింది. వాడు తల తిప్పి కూడా చూడలేదు. రంపాన్ని కొక్కేనికి తగిలించాడు, తాడు సరిచూసుకున్నాడు, నలభై అడుగులూ నెమ్మదిగా దిగాడు. నేల మీద రెండు కాళ్లూ ఆనాయి. హెల్మెట్ తీశాడు. చెమట తుడుచుకున్నాడు.

అప్పుడు అడిగాడు. "ఏంటి బావా?"

చూపించాను. పిట్ట తొర్రలోకి దూరింది. లోపల సన్నగా కిచకిచలు వినబడ్డాయి. పిల్లలు ఎగిరిపోయేదాకా ఈ చెట్టు ముట్టుకోకూడదు. రూలు అది. మూడు వారాలు ఖాయం. ఆసుపత్రివాళ్లకి చెప్పి, సామాను సర్దాం. దారిలో వాడు నవ్వుతూనే ఉన్నాడు, నేనూ నవ్వుతూనే ఉన్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇంటికొచ్చాక పని పుస్తకం ముందు పెట్టాడు. కొత్తది, వాడి లైసెన్సు నంబరుది. ప్రతి పేజీలోనూ అచ్చు గళ్ల పక్కన స్కేలు పెట్టి పెన్నుతో ఇంకో గడి గీసుకున్నాడు. పైన ‘ఆగమన్నది ఎవరు’ అని రాసుంది.

ఆ గడిలో మొదటి సంతకం నాది. చదవడానికి వీలుగా, నిదానంగా పెట్టాను.